లండన్ కొలతల గడియారం తిరుపతి ఎండకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరి రెండో వారంలో మీ జిల్లా పేజీలో ఫొటోతో ఒక చిన్న వార్త వచ్చింది. తిరుపతిలో ఒక కాలనీ పార్కులో దాతల ఖర్చుతో పెట్టిన సూర్య గడియారం అరగంట తప్పు చూపుతోందని, వాకింగ్‌కు వచ్చేవాళ్లు నవ్వుకుంటున్నారని, దాన్ని తీసేసి ఆ దిమ్మె మీద ఏదైనా విగ్రహం పెట్టాలని కొందరు అడుగుతున్నారని రాశారు. పార్కు పేరు నేను రాయను. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టారు. కానీ ఆ వార్త చదివాక నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఆ ఆదివారం టేపు, కోణమానిని, రసమట్టం సంచిలో వేసుకుని వెళ్లి చూసొచ్చాను. ఇలాంటివి పెట్టించాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైంది. కత్తిరించాల్సి వస్తే నా గురించి రాసుకున్న పేరా కత్తిరించండి, అంకెల జోలికి మాత్రం పోకండి.

నేను ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో సివిల్ డ్రాయింగులు గీసి రిటైరైన మనిషిని. మా మరిదికి రేణిగుంట రోడ్డులో గేట్లు, గ్రిల్స్ చేసే షాపు ఉంది. నేను గీస్తాను, అతను కోసి, వంచి, వెల్డింగ్ పెడతాడు. అట్లా ఇద్దరం కలిసి కొన్నేళ్లుగా సూర్య గడియారాలు చేసిస్తున్నాం. ఇళ్ల మిద్దెల మీదికి, స్కూళ్లకు, చిత్తూరు వైపు మామిడి తోటల్లో కట్టుకున్న ఇళ్లకు. దీని మీద బతికేంత పని ఏమీ రాదు, గేట్లే అన్నం పెడతాయి. మొదట్లో మా మరిది అన్న మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. చిత్తూరు పార్టీకి ఒకటి, తిరుపతి పార్టీకి ఒకటి వేరువేరుగా గీసిస్తే అతను కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, “ఏం వదినా, గేటు యాడ పెట్టినా గేటే కదా. ఇదేంది, ఊరు మారితే కొలత మారుతుందంటావు?” అన్నాడు. నిజానికి ఆ రెండు ఊళ్ల మధ్య తేడా అర డిగ్రీ కూడా లేదు, చేత్తో చేసే పనిలో అది తెలియదు కూడా. కానీ అతని ప్రశ్నకు జవాబు మాత్రం అవును, ఊరు మారితే కొలత మారుతుంది. ఆ పార్కు వాళ్లకు ఎవరూ చెప్పనిది ఇదే.

అక్కడ నేను చూసింది పన్నెండు అంగుళాల ఇత్తడి పళ్లెం, దాని మీద రోమన్ అంకెలు, మధ్యలో నీడ వేసే త్రికోణం ముల్లు. ఆన్‌లైన్‌లో ‘యాంటిక్’ అని అమ్మే రకం. ముల్లు వాలు కొలిస్తే 51 డిగ్రీలు దాటింది. అంటే ఆ డ్రాయింగు లండన్ చుట్టుపక్కల తోటల కోసం గీసింది. అక్కడ పెడితే నిక్షేపంగా పనిచేస్తుంది. దానికి తోడు ముల్లు ఉత్తరానికి కాకుండా పార్కు గేటు వైపు తిరిగి ఉంది. దాతల పేర్ల పలక నడిచే దారికి ఎదురుగా ఉండాలి కదా, దిమ్మెను దానికి తగ్గట్టు తిప్పి కట్టేశారు. ఇక పడమటి పక్కన పెద్ద నిద్రగన్నేరు చెట్టు. మూడు దాటితే గడియారం మొత్తం చెట్టు నీడలోకి పోతుంది.

ముల్లు వాలు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. భూమి ఏ ఇరుసు మీద తిరుగుతుందో, సూర్య గడియారం ముల్లు ఆ ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. అప్పుడే ఏ నెలలోనైనా అదే గంటకు నీడ అదే గీత మీద పడుతుంది. అలా ఉండాలంటే ముల్లు సరిగ్గా ఉత్తరం చూడాలి, నేల నుంచి ఆ ఊరి అక్షాంశమంత పైకి లేవాలి. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు, లండన్‌ది 51.5. అడుగు పొడవున్న త్రికోణం ముల్లు లండన్‌లో అడుగుంపావు ఎత్తు లేస్తే తిరుపతిలో మూడు అంగుళాలు కూడా లేవదు. ధ్రువ నక్షత్రం కూడా మనకు అంతే కిందుగా ఉంటుంది. కపిలతీర్థం వైపు, కొండ మొదట్లో ఉన్న వీధుల్లోనైతే అది కొండ వెనకే ఉండిపోతుంది. మా ఊళ్లో ముల్లు సరిగ్గా పెడితే అది తిరుమల కొండ వైపే చూస్తుంది. ఈ మాట చెప్పగానే ఆర్డరిచ్చేవాళ్ల మొహం వెలిగిపోతుంది. నాకు బేరం కలిసొచ్చే మాట కూడా, దాచుకోవడం దేనికి.

వాలు తప్పయితే ఏమవుతుంది? ఉత్తరం సరిగ్గా ఉంటే మిట్టమధ్యాహ్నం ఒక్కటి మటుకు సరిగ్గానే చూపుతుంది. పొద్దున, సాయంత్రం మాత్రం తప్పుతుంది. ఆ తప్పు కూడా నెలకొక రకంగా ఉంటుంది కాబట్టి, ఇంత కలుపుకోండి, ఇంత తీసేయండి అని బోర్డు పెట్టి సర్దుకోవడానికీ వీల్లేదు.

ఇంకో చిక్కు ఉంది. 13.6 డిగ్రీలకే సరిగ్గా గీసినా, నేల మీద పడుకోబెట్టే పళ్లెం రకం మన ప్రాంతానికి అంత మంచిది కాదు. లండన్ పళ్లెం మీద 12 గీతకూ 1 గీతకూ మధ్య దాదాపు 12 డిగ్రీల ఎడం వస్తుంది. తిరుపతికి లెక్క కడితే 3.6 డిగ్రీలే. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఆరు గంటలూ కలిపి 26 డిగ్రీల చిల్లరలో ఇరుక్కుంటాయి. సాయంత్రం 5 నుంచి 6 దాకా ఒక్క గంటే 49 డిగ్రీల దాకా కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. జనం చూసే వేళల్లో గీతలు కిక్కిరిసి ఉండటం, ఎవరూ చూడని వేళ ఖాళీగా ఉండటం. అందుకే పళ్లెం కావాలని వచ్చినవాళ్లకు మేము చక్రం రకం పెట్టుకోమని చెప్తాం. ఇరుసు వాలులో ఒక కడ్డీ, దాని చుట్టూ అడ్డంగా ఒక అర్ధచక్రం. కడ్డీ నీడ చక్రం లోపలి వైపు పడుతుంది. ఇందులో ప్రతి గంటా సమానంగా 15 డిగ్రీలే. రెండడుగుల వ్యాసం చక్రం మీద గంటకు 8 సెంటీమీటర్లు, నిమిషానికి ఒక మిల్లీమీటరు పైచిలుకు వస్తుంది. అట్లాగని నిమిషం నిమిషం చదవగలరని కాదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. నీడ అంచు ఆ మేరకు చెదురుతుంది, అది రెండు నిమిషాలతో సమానం. ఎంత పెద్దది చేసినా ఆ చెదురు దానితోపాటు పెరుగుతుంది. ‘సెకన్లతో సహా చూపుతుంది’ అని ఎవరైనా చిన్న గడియారం అమ్మితే నమ్మకండి.

ఈ చక్రం రకానికి మన దగ్గర ఒక విచిత్రం ఉంది. కడ్డీ నేలకు 13.6 డిగ్రీలే లేస్తుంది కాబట్టి దాదాపు పడుకున్నట్టు కనబడుతుంది. చక్రం ఇంచుమించు నిలువుగా నిలబడుతుంది. ఒక స్కూల్లో మేము బిగించి వచ్చాక, కడ్డీ వంగిపోయిందనుకుని ఎవరో కింద ఇటుకలు పెట్టి పైకి లేపారు. పిలిస్తే వెళ్లి చూశాం. ఇంటర్నెట్‌లో ఫొటోలన్నీ యూరప్‌వి కాబట్టి కడ్డీ నిక్కి ఉంటేనే గడియారమని అందరి కళ్లకూ అలవాటైంది. అప్పటి నుంచి దిమ్మె మీదే ‘ఈ కడ్డీ ఇలాగే ఉండాలి’ అని చెక్కిస్తున్నాం.

గోడ గడియారాల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ డబ్బు ఎక్కువ పోతుంది. కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లు, హోటళ్ల ఎలివేషన్‌లో దక్షిణం గోడ మీద పెద్ద సూర్య గడియారం కావాలని అడుగుతున్నారు. యూరప్ పుస్తకాల్లో దక్షిణం గోడే శ్రేష్ఠం అని ఉంటుంది, వాళ్లకది నిజం. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతం నుంచి ఆగస్టు 16 ప్రాంతం దాకా సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా నడుస్తాడు. ఆ రోజుల్లో దక్షిణం గోడకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క క్షణం కూడా ఎండ తగలదు. మూడున్నర నెలలకు పైగా గడియారం చీకట్లో ఉన్నట్టే, అదీ మండే ఎండాకాలంలో. మార్చి 21 నుంచి ఏప్రిల్ చివరి దాకా కూడా నడిమధ్యాహ్నం వేళల్లోనే ఎండ పడుతుంది. సంవత్సరమంతా కావాలంటే ఉత్తరం గోడ మీద ఇంకొకటి గీయాలి. పైగా మన ఇళ్లకు సన్‌షేడ్లు ఉంటాయి. సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి, రెండడుగులు ముందుకు వచ్చిన సన్‌షేడ్ మార్చి 21న మధ్యాహ్నం తన కింద ఎనిమిది అడుగుల గోడకు నీడ పరుస్తుంది. ఒక బిల్డరుకు ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపిస్తే, “ఎలివేషన్‌లో బాగుంటే చాలమ్మా, టైము ఎవరు చూస్తారు” అన్నాడు. ఆ పని మేము ఒప్పుకోలేదు. టైము చూపనక్కర్లేకపోతే ముగ్గు వేయించుకోవచ్చు, ఖర్చు తక్కువ.

గోడే కావాలనుకుంటే మన ప్రాంతానికి తూర్పు గోడ మంచిదని నా అభిప్రాయం. మధ్యాహ్నం దాకానే చూపుతుంది నిజమే, కానీ ఆ పూట ఏ నెలలోనైనా ఎండ పడుతుంది. గంటల గీతలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, నేలకు 13.6 డిగ్రీల వాలులో పోతాయి. పొద్దున ప్రేయర్‌కు వరసల్లో నిలబడే పిల్లల ముందు అలాంటి గోడ ఉంటే చూడముచ్చటగా ఉంటుంది.

ఇక అరగంట సంగతి. ఆ పార్కులో వాలు, దిక్కు, చెట్టు మూడూ సరిచేసినా, ఫిబ్రవరి రెండో వారంలో ఆ గడియారం మీ చేతి గడియారం కంటే 26 నిమిషాలు వెనకే ఉంటుంది. అది గడియారం తప్పు కాదు. మనం వాడే టైము తిరుపతిది కాదు. 1906లో దేశానికి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం టైమును ఖాయం చేశారు, ఇప్పుడు దేశమంతా దాన్నే వాడుతున్నాం. అంతకుముందు రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. తిరుపతి దానికి మూడు డిగ్రీల పైచిలుకు పడమరగా ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి సూర్యుడు మన దగ్గరికి సగటున 12 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. చిత్తూరుకు 13 నిమిషాల పైన, కుప్పానికి దాదాపు 17, శ్రీకాళహస్తికి 11. ఈ భాగం మారనిది. దీన్ని గీతల్లోనే కలిపేయొచ్చు. మా రెండడుగుల చక్రం మీద 12 అంకెను 16 మిల్లీమీటర్లు పడమరకు జరిపితే సరిపోతుంది. కొనుక్కొచ్చిన పళ్లెం మీద అంకెలు ముందే చెక్కి ఉంటాయి కాబట్టి జరపడం కుదరదు.

రెండో భాగం నెలనెలా మారుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. పైగా భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండింటి వల్ల సూర్యుడి టైము మన గడియారం టైము కంటే కొన్నాళ్లు ముందూ కొన్నాళ్లు వెనకా అవుతుంది. ఫిబ్రవరి 11 ప్రాంతంలో సూర్యుడు 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో తేడా ఉండదు. రెండూ కలిపితే తిరుపతిలో అసలైన మిట్టమధ్యాహ్నం ఫిబ్రవరి రెండో వారంలో 12.26కు, మార్చి 20 ప్రాంతంలో ఇంచుమించు 12.20కి, మే మధ్యలో 12.09కి, జూలై చివరి వారంలో 12.19కి, నవంబరు మొదట్లో 11.56కు. ఒకే ఊళ్లో అరగంట తేడా. అభిజిత్ ముహూర్తం అంటే ఏడాది పొడుగునా చేతి గడియారంలో 12 కొట్టే వేళే అనుకునేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. ఆ ముహూర్తానికి నడిమి ఘడియ సూర్యుడి మధ్యాహ్నమే గానీ గోడ గడియారానిది కాదు. ముహూర్తాలు పెట్టే పెద్దలకు ఇది తెలియనిది కాదు, తొందర పడేది మనమే.

అందుకే మేము చేసే ప్రతి గడియారం పక్కన నెలవారీ సవరణ పట్టిక ఒకటి రాతి మీద చెక్కి పెడతాం. అది లేకుండా సూర్య గడియారం అప్పజెప్పడం, నా దృష్టిలో, సగం పనే. ఆ పార్కులో పట్టిక లేదు. దాతల పేర్లు మాత్రం ఆరు వరసలు ఉన్నాయి.

ఉత్తరం పట్టుకోవడం గురించి మేస్త్రీలకు ఒక మాట. మిద్దె మీద దిక్సూచి పెట్టి గీత కొట్టకండి, ఫోన్‌లో ఉన్న దిక్సూచి అసలే వద్దు. స్లాబులో ఇనప కమ్మీలు ఉంటాయి, దిక్సూచి ముల్లు వాటి వైపు పోతుంది. రెండడుగులు జరిపి పెడితే ఇంకో ఉత్తరం చూపుతుంది. పాత పద్ధతే మేలు. నేల మట్టంగా పూత పూసి, మధ్యలో నిటారుగా ఒక పుల్ల నిలబెట్టి, దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున నీడ కొస వృత్తం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. ఇది సూర్యసిద్ధాంతంలో ఉన్న పద్ధతే, అక్కడ ఈ పుల్లను శంకువు అంటారు, దాని పొడవు 12 అంగుళాలు, అంటే వేళ్ల వెడల్పులు, ఇంచీలు కాదు. గుడులు కట్టినవాళ్లకు దిక్కులు దొరికింది ఇలాగే. తూకం గుండు కట్టి పుల్ల నిటారు చూసుకోవడం మరిచిపోకూడదు. డిసెంబరు, జూన్ చివరి వారాల్లో చేస్తే గీత ఇంకా నికరంగా వస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడు ఉత్తర దక్షిణాలకు పెద్దగా జరగడు. ఏప్రిల్ 26 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ పట్టుకుని ఉత్తరం చూద్దామంటే మాత్రం నీడే ఉండదు, 12.10కి పుల్ల తన నీడను తానే తొక్కుకుని నిలబడుతుంది. మే, జూన్, జూలైల్లో నీడ దక్షిణానికి పడుతుంది. ఒకసారి మే నెల పనిలో మా మేస్త్రీ కంగారు పడి, “అమ్మా, నీడ ఎదురు తిరిగింది, డ్రాయింగు తలకిందులు పట్టుకున్నామేమో చూడు” అన్నాడు. యాభై ఏళ్లు ఎండలో పనిచేసిన మనిషి. నీడ ఎటు పడుతుందో చూడాల్సిన పని అంతవరకు పడలేదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఇత్తడి అందంగా ఉంటుంది గానీ బయట పెడితే పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. మేము 304 గ్రేడ్ స్టీలు పట్టీ రోలింగ్ మిషన్‌లో వంచి చక్రం చేస్తాం, దిమ్మెకు కుప్పం వైపు గ్రానైట్ వాడతాం. చక్రం అడుగున వాననీళ్లు పోవడానికి ఒక బెజ్జం. కడ్డీ కొస పిల్లల కంటికి తగలకుండా చిన్న గుండు. పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడతారు, ఆ బరువుకు తట్టుకునేలా పునాది పోయాలి.

ఒక తోట యజమాని, పంచాంగం చూడందే గడప దాటని పెద్దాయన, గంటలతో పాటు గడియలు కూడా గీయమన్నాడు. గడియకు 24 నిమిషాలు, చక్రం మీద 6 డిగ్రీలు, రోజుకు 60 గడియలు. గీయడం సులువే. కానీ పంచాంగంలో గడియలు సూర్యోదయం నుంచి లెక్క, సూర్యోదయం రోజూ మారుతుంది, గీతలు మారవు. చివరికి మధ్యాహ్నం గీత నుంచి ఇటూ అటూ గడియలు వేశాం, జ్యోతిష లెక్కల్లో నతం అనేది అదే. పెద్దాయన ఒప్పుకున్నాడు. నాకు అన్నిటికంటే నచ్చిన పని అది.

సవాయి జైసింగ్ సంగతి చాలామందికి తెలుసు. జైపూర్‌లో ఆ రాజు కట్టించిన రాతి సూర్య గడియారం, సమ్రాట్ యంత్రం, 27 మీటర్ల ఎత్తు, దాని మీద నీడ నిమిషానికి 6 సెంటీమీటర్లు నడుస్తుంది, కూర్చుని చూస్తే కంటికి కనబడుతుంది. ఢిల్లీలో, ఉజ్జయినిలో, కాశీలో కూడా కట్టించాడు. రాజు ఒక్కడే, యంత్రం రకం ఒక్కటే, అయినా ముల్లులా నీడ వేసే మెట్ల గోడ వాలు ఊరూరికీ వేరు. జైపూర్‌లో 27 డిగ్రీలు, ఢిల్లీలో 28న్నర పైన. ఎక్కడ కడితే అక్కడి కొలత. మన రాష్ట్రంలో అన్నవరం కొండ మీద సూర్య గడియారం ఉంది, సత్యనారాయణస్వామి దర్శనానికి పోయినవాళ్లు చాలామంది దాని ముందు నిలబడి చేతి గడియారంతో పోల్చి చూసే ఉంటారు. మన దగ్గర నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో ఏటా మార్చి నెలలో సాయంత్రం ఎండ మూడు రోజులు గర్భగుడిలోకి వచ్చి ఒకరోజు స్వామి పాదాలను, మరునాడు నాభిని, మూడోనాడు శిరస్సును తాకుతుంది. ఆ గుడిని ఇంకో ఊళ్లో రాయి రాయి పేర్చి అచ్చంగా కట్టినా ఆ ఎండ ఆ రోజున అక్కడ పడుతుందని చెప్పలేం. అంత కొలత తెలిసిన నేల మీద ఉండి మనం ఇప్పుడు పార్కులకు లండన్ పళ్లెం తెప్పించుకుంటున్నాం!

పార్కులు, స్కూళ్లకు వీటిని పెట్టించేవాళ్లు కొటేషన్ పిలిచేటప్పుడు ‘ఇత్తడి సూర్య గడియారం, 12 అంగుళాలు’ అని రాసి తక్కువ ధరకు ఇచ్చేదాన్ని కొంటున్నారు. దానికి బదులు ఆ ఊరి అక్షాంశానికి, రేఖాంశానికి గీసిన డ్రాయింగు ముందే చూపాలని, ఏ నెలలో ఎన్ని గంటలు ఎండ పడుతుందో చోటు చూసి రాసివ్వాలని, సవరణ పట్టిక తెలుగులో చెక్కాలని, బిగించాక మధ్యాహ్నం నీడతో సరిచూసి డబ్బు ఇస్తామని రాయండి. ఇది మా షాపుకు పని రావాలని చెప్పడం కాదు. అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది, సంస్కృత విశ్వవిద్యాలయంలో జ్యోతిషం చెప్పేవాళ్లున్నారు. లెక్క కట్టేవాళ్లు, రాయి చెక్కేవాళ్లు, పిల్లలకు విడమరచి చెప్పేవాళ్లు ఒకే ఊళ్లో ఉన్నారు. ఒకరికొకరు పరిచయం లేరు, అంతే.

ఆ పార్కు గడియారాన్ని పారేయక్కర్లేదు. లండన్ పళ్లేన్నైనా తిరుపతిలో పనిచేయించొచ్చు. దక్షిణం వైపు అంచు పైకెత్తి పళ్లేన్ని 38 డిగ్రీలు ఉత్తరానికి వాల్చితే ముల్లు మన ఇరుసు వాలుకు వస్తుంది, గీతలు కూడా సరిగ్గానే పలుకుతాయి. దిమ్మెను చెట్టుకు దూరంగా జరిపి, ఉత్తరానికి తిప్పి, అడుగున ఏటవాలు రాయి ఒకటి పెట్టి, పక్కన పట్టిక చెక్కాలి. మా మరిది కూలి తీసుకోనన్నాడు. పేర్ల పలకను దారి వైపే ఉంచి దిమ్మె నుంచి వేరు చేయడానికి దాతలు ఒప్పుకుంటే చాలు.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు వేస్తున్నారు కదా, ఆ రెండింటి పక్కన ఆ రోజు తిరుపతిలో మిట్టమధ్యాహ్నం ఎన్నింటికో కూడా వేయండి. ఒక్క అంకె, అర వరస చోటు. ఏడాదికి సరిపడా పట్టిక నేను వేసి పంపుతాను. చిత్తూరు పేజీకి ఒక నిమిషం కలుపుకుంటే సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
కొర్లగుంట, తిరుపతి